మన చీపురు

పర్లాకిమిడి ప్రెస్సు సందులో
లిమ్మయ్య కొండచీపుర్లకి కరపత్రం రాస్తున్నా.

"సాటిలేని": ఎదురు సబ్బుల కొట్టువాడు
ఎప్పుడో అరగదీసేశాడు.
"అసలు సిసలు" అంటే
నకిలీని మనమే పిలిచి పీట వేసినట్టు.
"త్వరపడండి" కొట్టేశా.
చీపురు కోసం ఎవరు పరిగెడతారు,
చుట్టాలొస్తే తప్ప!

చివరికి "మన చీపురు" అన్నాను.
ఒడియా అచ్చు పేరుస్తున్న బంశీ సాహు ఆగాడు:
"మీ మన, మా అక్షరాల్లో మనసు.
దీర్ఘం ఒకటి జారిపడిందా, మానా. వద్దని."

ఒక్క మాట రెండు గుమ్మాలు దాటిందని
టీ చెప్పించుకున్నాం.
ప్రూఫులో ఆ దీర్ఘం కోసం
మూడుసార్లు వెతికాం.

అంకెలు మాత్రమే తెలిసిన లిమ్మయ్య
కాగితం ఇటు తిప్పి, అటు తిప్పి,
"ఇరవై రూపాయలని
యెక్కడేసినారు బాబూ?"