ఒన్

సొహార్ రేవుల ఇసుక తోడే ఓడ మీద
గిన్నెలు కడిగే పని నాది.
ఇంజనీరు పేరు యాప్.
ఫోన్ల ఉండే యాప్ కాదు, మనిషే.
ఎర్రటి ఎంటికలు, చాయిల చక్కెర వద్దంటడు.

రాత్రి డ్యూటీల వచ్చీరాని ఇంగ్లీషుల అడిగిన:
బోర్డు మీది మాటలకు ముందల
ఆ 'ఒన్' ఏంది సార్?
లేదు, అన్నడు.
ఉన్నది గద సార్, అన్న.
నవ్వి కాయిదం గుంజిండు.

వేర్ అంటె వాతావరణం.
ఒన్‌వేర్ అంటె అది లేకపోవుడు గాదు,
ఉరుములు, మెరుపులు, గాలివాన.
క్రయిట్ అంటె పనికొచ్చే ఆకు. ఒన్‌క్రయిట్ కలుపు.
మా మడిల తుంగకు తుంగ అనే పేరుండె,
దాన్ని ఎవలూ 'ఆకు గానిది' అనలే.
కోస్తెన్ అంటె ఖర్చులు.
మరి ఒన్‌కోస్తెన్?
అదీ ఖర్చులే, ఎందుకో ఎరికలేదన్నడు.
నాకెరికే.
జగిత్యాల ఏజెంటు చీటీల
ఎన్ని కొట్టేసినా అవి అట్లనే ఉన్నయి.

ఇంకొకటున్నది, వాన్‌హోప్.
నాకు వాన ఇనబడ్డది,
మొగులు దిక్కు చూసే ఆశ అనుకున్న.
కాదట. ఆశ వంకరపోతే ఆ పేరట.
ఫరకేమున్నది,
పోయినేడు మిరుగు గూడ గట్లనే పోయింది.

స్ఖుల్ట్.
చేప ముల్లు లెక్క గొంతుల గీరుకుంటది.
అప్పుకూ అదే మాట, తప్పుకూ అదే మాట.
మా దిక్కు నడుమ ఒక 'త' అన్నా అడ్డముంటది సార్.
ముందల ఒన్ పెడితె తప్పు పోతదట.
అప్పో?
దానికి వేరే మాట కావాలె,
అనుకుంట గడియారం చూసిండు.

అయినా వాళ్లది మంచి పద్ధతే.
లేదనేది గడప కాడనే చెప్పేస్తరు,
మనం చెప్పులు ఇడవక ముందే.
మన లేదు తోకల ఉంటది,
మాటంతా దాటినంక, ఊపిరి అయిపోయే కాడ.
అందాక ఇనేటోడు
సగం నవ్వు మొఖాన పెట్టుకొని నిలబడాలె.

తెల్లారి నాలుగింటికి డెక్కు మీద
ఒక్క గీత సిగ్నల్ దొరికింది.
జమున పంపిన మాట, ఎనుక మిక్సీ చప్పుడు.
'పైసలు ముట్'
అక్కడ తెగింది.

ముట్టినయో, ముట్టలేదో.
చెవికి ఒత్తుకొని మళ్ల మళ్ల ఇన్న.
ట్ ఎనుక సన్నగ గాలున్నది.
అది ఇ-నో,
అ-నో.

కింద పైపు ఇసుక మింగుతనే ఉన్నది.
యాప్ వచ్చి చాయ్ అడిగిండు.
చక్కెర ఏసిచ్చిన, మర్చిపోయి.