ఎలుక, యాభై ఎనిమిది

మిర్యాలగూడలో నా పని పుస్తకం రాయడం కాదు,
రాసినదాని చివర పదకొండు పేజీలు కూర్చడం.
బియ్యం ఏరే మిషనుకు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరుకు
రెండొందల పేజీల పుస్తకం ఉన్నది.
దాని తోకకు వేలాడే ఇండెక్స్ నాది.

"సర్చ్ డబ్బా పెట్టినంక ఇదెందుకండీ" అన్నడు
హైదరాబాద్ ఆఫీసు నుంచి వచ్చిన చరణ్‌తేజ.
"మాట కొట్టు, పేజీ వస్తది."
నిజమే. బియ్యం అని కొట్టిండు.
మూడొందల పన్నెండు చోట్ల వచ్చింది.
బియ్యం మిల్లు పుస్తకంలో బియ్యం లేని చోటేది?

నవంబరు. సాగర్ రోడ్డు పొడుగునా వడ్ల ట్రాక్టర్లు.
రాత్రి రెండింటికి ఆపరేటర్ మట్టయ్య
తౌడు పట్టిన వేలితో తెర మీద కొట్టిండు:
మంచి గింజ తాలులకు పోతంది.
ఫలితాలు లేవు, అన్నది తెర.

ఉన్నది. నలభై మూడో పేజీలో నిండుగ ఉన్నది.
"సున్నితత్వ స్థాయి అధికమైనప్పుడు తిరస్కరణ శాతం" అని
పెండ్లి బట్టలు తొడుక్కొని కూసున్నది.
ఇంట్ల పిలిచే పేరుతో పిలిస్తే పలకలేదు.
తెల్లారేసరికి పద్నాలుగు బస్తాల మంచి బియ్యం
కోళ్లదాణా కుప్పల కలిసింది.

తర్వాత మూడు రాత్రులు మట్టయ్య పక్కన కూసున్న.
బెల్టుల మోతలో ఆయన మాటలు ఏరుకున్న.
మిషను చెడ్డగింజను ఊదేస్తది,
నేను ఒక్కటీ పారెయ్యలే.

    తాలులో మంచి గింజ, 43
    నల్లమచ్చ, చూడు: రంగు
    మిషనుకు దమ్ము సాలట్లే, చూడు: కంప్రెసర్
    కన్ను మసకబారింది, చూడు: కెమెరా అద్దం

పుస్తకంలో ఎక్కడా లేని మాటలివి.
లేని మాటను సర్చ్ ఎక్కడని పట్టుకొస్తది, దాని తప్పు కాదు.
లేని మాటతో వచ్చినోనికి ఉన్న పేజీ చూపెట్టాలంటే
ఎవరో ఒకరు ముందే వచ్చి వాకిట్ల నిలబడాలె.

దేవరకొండ అడ్తి దుకాణంలో మా పెదనాయన మునీము.
ఆయన ఖాతా పుస్తకంలో రైతులకు పట్టా పేర్లు లేవు.
గుట్టకింది జంగయ్య. రెండుబావుల సోమక్క.
గొంతు పోయిన ఈదయ్య, ఆయన తమ్ముడు గొంతున్న ఈదయ్య.
"లెక్క తప్పితే దిద్దుకోవచ్చు బిడ్డా,
మనిషే దొరక్కపోతే ఏం దిద్దుతవ్?"
అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. నేను బెల్లం ముక్క కోసం చూస్తున్న.

ఇండెక్స్ అచ్చయినంక కొంచెం గర్వపడ్డ.
అది జనవరి దాకనే ఆగింది.
ఒక పగటిపూట తెర మీద ఎర్రగ ఇ-47 అని మెరిసింది.
మట్టయ్య నా పదకొండు పేజీలూ తిరగేసిండు, రెండుసార్లు.
లేదు. నేనే మర్చిపోయిన.
సర్చ్ డబ్బా రెప్పపాటులో తెచ్చి ముందు పెట్టింది.
చరణ్‌తేజ ఫోన్‌లో ఏమనలే,
చాయ్ జుర్రిన సప్పుడు మాత్రం
ఉండాల్సినదానికంటె పొడుగ్గ వినబడ్డది.

ఎండకాలం, రెండో ముద్రణకు తప్పులు పట్టుకొద్దామని
మళ్ల మిల్లుకు పోయిన.
మట్టయ్య కాపీకి అట్ట ఊడింది, వెనుక గ్రీజు వేలిముద్రలు.
ముందరి రెండొందల పేజీలు కొత్తనోటు లెక్క ఫెళఫెళమన్నయి.
చివరి పదకొండే
ఉతికి ఉతికి పాతబడ్డ పంచెలాగ మెత్తబడ్డయి.

"ఎ" దగ్గర,
ఎర్రర్‌కూ ఒత్తిడికీ నడుమ ఇరుకు సందులో,
అక్షరాల వరుస ఎక్కడా తప్పకుండ,
నీలం పెన్నుతో:

    ఎలుక, 58

యాభై ఎనిమిది తీసిన.
సెన్సర్ వైర్లు, వాటి రంగులు, కొలతలు.
ఒకటికి మూడుసార్లు చదివిన.
ఆ పేజీలో ఎలుక లేదు.

"కొరుకుతది గద" అన్నడు మట్టయ్య
పారుతున్న బియ్యం మీంచి చూపు తిప్పకుండ.