సోమవారం బిందె

మా ఇంట్లో వారాలకి పేర్లు అక్కర్లేదు.
గూడు బోసిగా ఉంటే సోమవారం దాటినట్టు.
గూట్లో ఇత్తడి మెరిసిందా, శనివారం రాత్రి.

హార్బరు తవ్వుతున్న రోజులు.
మట్టి తోడే ఓడ రాత్రంతా మూలిగేది
ఉప్పుటేటి కడుపులోంచి బురద కక్కిస్తూ.
నాన్న దానిమీద గొలుసులు లాగేవాడు.
అమ్మ వేగన్ల దగ్గర మాంగనీసు గంపలు మోసేది.
గరివిడి నుంచి దిగిన ఆ నల్లరాయి
మెడ మడతల్లో, గోళ్ళ సందుల్లో,
ఆఖరికి ఉమ్మిలో కూడా.
గుమాస్తా పేరు అడిగేవాడు కాదు,
బిళ్ళ చూసేవాడు:
నూట పద్నాలుగు.
చంటిదానికి పాలివ్వడానికి పక్కకెళ్తే
కాణీ కోత.

మొదటి కూతకి పొయ్యి,
రెండో కూతకి చోడంబలి,
మూడో కూత అయ్యాక పేటలో మిగిలేది
ముసలాళ్ళూ, కుక్కలూ, నేనూ.

శనివారం బట్వాడా. ఆదివారం అప్పులవాళ్ళు.
సోమవారం పొద్దున్నే
బిందె నా నెత్తిన బోర్లించుకుని
లోకమంతా గుమ్మని మోగుతుంటే
చినంశెట్టి కొట్టుకి నడిచేవాణ్ణి.
ఆరణాలిచ్చేవాడు.
శనివారం ఆరున్నర పుచ్చుకునేవాడు.

మిగతా రోజులు కుండనీళ్ళు.
నిజానికి అవే చల్లగా ఉంటాయని ఒకసారి అన్నాను.
అమ్మ నెత్తిన మొట్టింది.
"బిందున్న కొంపా, నేని కొంపా ఒకటేనేట్రా?"

శ్రావణంలో ఒక శనివారం
గాలివానకి కొట్లో దీపం ఆరిపోతే
శెట్టి చీకట్లో తడిమి ఇచ్చాడు.
ఇంటికొచ్చి బుడ్డి వెలిగించి చూద్దును కదా
బిందె మెడమీద చుక్కల అక్షరాలు.
రాత్రిబడిలో అప్పుడే గుణింతాలు దాటాను.
కూడబలుక్కుని చదివాను:
మైలపల్లి పోలమ్మ.

అమ్మ ఏమీ అనలేదు.
ముంతతో నీళ్ళు కొలిచి పోసింది.
మాదానికి పదహారు పట్టేవి.
దీనికి పద్దెనిమిది.
అంచుదాకా వచ్చిన నీళ్ళకేసి చాలాసేపు చూసి
"నోరిప్పితే వాత పెట్టేస్తాను" అంది.

సోమవారం శెట్టి కూడా చూశాడు.
కళ్ళజోడు సర్దుకున్నాడు.
ఒక అణా ఎక్కువిచ్చాడు.

ఆ వారమే అమ్మకి తెలిసింది,
రెండేళ్ళుగా తన ముందు నడిచే నూట ఇరవై
పోలమ్మేనని.
ఎవరో వెనకనుంచి పిలిస్తే తిరిగిందట.
మధ్యాహ్నం ఎండుచేప కొరుక్కుంటూ తనే అందట:
"మా బిందె కురసైపోనాదే ఓలమ్మ,
నేకపోతే గుంటలకి దాహం ఎక్కువైపోనాదో."
చుట్టూ అందరూ నవ్వారట.
అమ్మా నవ్విందట.

తర్వాత గంపలెత్తుతున్నప్పుడు
పోలమ్మ గంపలోంచి ఒక రాయి తీసి
తన గంపలో వేసుకుంది.
మర్నాడు కూడా.
పోలమ్మ, పిచ్చిదానివా అంది.
అమ్మ మెడ నొప్పి ఇంట్లో మాకు తెలిసేది.
కారణం నాకొక్కడికే తెలిసేది.
వాత భయం.

ఏడాది తిరక్కుండా గుంపు గుంపంతా
రంగం వెళ్ళిపోతోందన్నారు.
అక్కడ కూలి రెట్టింపట, బియ్యం చవకట.
అది శనివారం కాదు, బుధవారం.
అమ్మ పని మానేసి, చెవి పోగు శెట్టి చేతిలో పెట్టి
బిందె విడిపించి
ఒడ్డుకి పరిగెత్తింది.
నేను వెనకాల.

పడవలు కెరటాలు దాటేశాయి.
దూరంగా ఓడ, పొగ.
ఓ పడవ మధ్యలో, మూటలమీద
ఎండకి ఏదో పసుప్పచ్చగా తళుక్కుమంది.
మాదే అనుకున్నాను.
దానిమెడన ఉంది, కోరాడ నూకాలు అని.
అమ్మ పుట్టి ఓడెక్కలేదు.
అమ్మ పేరు ఎక్కింది.

వచ్చేటప్పుడు దారిలో ఎవరో అడిగారు,
బిందె ఎంతకి కొన్నావని.
అమ్మ బదులు చెప్పలేదు.
కుళాయి దగ్గర ఆగి నింపింది,
పదహారు ముంతలు లెక్కపెట్టి
అక్కడితో ఆపేసింది.