అస్తరు

నాన్న సుద్దముక్క పడితే నేను పుస్తకం పట్టుకునేదాన్ని.
ఎల్వాష్ కోటగోడ నీడలో,
వీధిలోంచి రెండు మెట్లు దిగితే మా కుట్టుదుకాణం.
ఛాతీ ఎనభై ఎనిమిది. నడుము డెబ్భై.
చెప్పులోంచి రాయి దులిపినట్టు
అంకెలు దులిపేవాడు నాన్న.

బల్తజార్ కింతేలా. కొత్త లెఫ్టినెంటు.
మెడ మీద మంగలికత్తి గాటు ఇంకా ఎర్రగానే ఉంది.
పేరు పక్కన నాన్న రాయించాడు:
“ఊపిరి బిగబట్టాడు. రెండు వేళ్ళు వదులుంచు.”

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి అడిగాడు:
లోపల, ఎడమపక్క, అస్తరుకి ఒక జేబు.
బెత్తెడు వెడల్పు, వేళ్ళు మునిగేంత లోతు.
ఒంటి గుట్టు వైద్యుడికీ తెలుసు, దర్జీకీ తెలుసు.
వైద్యుడు ఎందుకని అడుగుతాడు.
మేం కుట్టి ఇస్తాం.

అంగోలా నుంచి కెప్టెనై వచ్చాడు.
నడుము అరవై ఆరు.
చంక కింద టేపు తగలగానే ఉలిక్కిపడ్డాడు.
అప్పట్నుంచి నాన్న ముందు చెప్పి ముట్టుకునేవాడు,
గుర్రానికి లాడం కొట్టేవాడిలా:
“ఇప్పుడు భుజం. ఇప్పుడు వీపు.”

గినీకి రెండుసార్లు వెళ్ళాడు. మేజరయ్యాడు.
ఎడమ భుజం అరవేలు దిగింది.
ఆ చలికాలమే నాన్న పోయాడు, టేపు నా మెడలోకొచ్చింది.
ఆడది కొలతలు తీయడమేమిటని
పటాలమంతా గుమ్మంలో నసుగుతుంటే
ముందు ఆయనే లోపలికొచ్చి నిటారుగా నిలబడ్డాడు.
“ఇప్పుడు భుజం,” అన్నాను.
కళ్ళు మూసుకున్నాడు.

పక్క కొట్టు జెర్ట్రూడిష్‌ది.
పాకంలో ఊరిన ఆల్‌బుఖారా పళ్ళు, చెక్కపెట్టెల్లో.
ఆమె చిన్నకొడుకు ఈయన కంపెనీలోనే వెళ్ళాడు,
ఈయనతో తిరిగి రాలేదు.
ప్రతి శనివారం ఒక పెట్టె కొనేవాడు.
ఆమె చిల్లర బల్ల మీద పెట్టేది,
చేతిలో పెట్టేది కాదు.
ఇరవై ఏళ్ళూ అంతే.
ఆయనకి తీపి పడదని నాకు తర్వాత తెలిసింది.

ఆ ఏప్రిల్ రాత్రి లిస్బన్‌లో టాంకులు కదిలినప్పుడు
ఆయన ఎటువైపున్నాడో మా ఊళ్ళో రెండు కథలు.
నా పుస్తకంలో ఒకటే ముక్క:
“ప్యాంటు, కుడి మోకాలు చిరుగు, అతుకు. పన్నెండు ఎష్కూదోలు.”
మట్టి మాత్రం చాలా వదిలింది ఉతికితే.

తర్వాతవన్నీ భుజం మీది పనులు.
కల్నల్, బ్రిగేడియర్,
ఊడదీయడం, కుట్టడం, మళ్ళీ ఊడదీయడం.
జనరలయ్యేసరికి నడుము నూట రెండు.
నాన్న ఉంటే ఏదో ఒకటి అనేవాడు, ఇద్దరూ నవ్వేవారు.
నేను అంకె రాసుకుని ఊరుకున్నాను.

ఒకరోజు యూనిఫాం లేకుండా వచ్చి మెట్ల మీదే నిలబడ్డాడు.
“లెయొకాదియా, ఇక్కడి పటాలం ఎత్తేస్తున్నారు.
కాగితం మీద సంతకం నాదే.
నీ గిరాకీ పోతుంది.”
“మీదీ పోతుందిగా,” అన్నాను.
ఆయన జవాబు వెతుక్కుంటుంటే
సూదిలో దారం ఎక్కించాను. నాలుగోసారికి ఎక్కింది.

నిన్న ఆయన కూతురు తెచ్చింది ఆఖరి కోటు.
మ్యూజియంలో పెడతారట.
బొమ్మకి సరిపడేలా నడుము తగ్గించాలి.
“ఎంత?”
“డెబ్భై,” అంది చీటీ చూసి.

రాత్రి దీపం దగ్గరికి లాక్కుని అస్తరు విప్పాను.
ముప్పై అయిదేళ్ళు, పదకొండు కోట్లు, పదకొండు జేబులు.
చెయ్యి పెట్టాను.
ఉత్తరం లేదు, ఫోటో లేదు,
కాస్త పొడైనా లేదు.
అడుగున గుడ్డ మాత్రం అరిగి అరిగి
బొటనవేలంత కంత.
నా వేలు అవతలికి, చొక్కా ఉండాల్సిన చోటికి వెళ్ళింది.

అరుగుదల కనబడకుండా బాగుచెయ్యమని చీటీలో ఉంది.
అస్తరు మూసి కుట్టేశాను.
పుస్తకంలో రాశాను:
“నడుము ముప్పై రెండు తగ్గించాను. రెండు బొత్తాలు కొత్తవి.
జేబు ముట్టుకోలేదు.”