ఎడమచేతి బొటనవేలు

సార్ దిబ్బ మీద పొద్దుగాల ఐదింటికే తవ్వకం మొదలు.
పదకొండు దాటితే పారకర్ర గూడ కాలుతది.
నాకిచ్చింది పార గాదు, పెయింటు బ్రష్షు.
ఏడేండ్లు సీఫ్ టవర్లల్ల సిమెంటు కలిపినోన్ని
మన్నును ఇట్ల దువ్వాలంటే మొదట్ల సిగ్గయింది.

హుదా మేడం చెప్తది:
ఇది దిల్మున్. నాలుగు వేల ఏండ్లు.
ఇది గోడ, ఆ మూలది పొయ్యి,
ఈ నల్లది తారు, నీళ్లు కారకుండ గంపలకు పూసుకునేటోళ్లు.
ఇక్కడ ఏ పాట పాడిండ్రో తెల్వది.
ఏ భాషల తిట్టుకున్నరో తెల్వది.
చేపముండ్లు మాత్రం
బస్తాలకు బస్తాలు.

నిన్న ఒక ముద్ర దొరికింది, రూపాయి బిళ్లంత.
ఇద్దరు ఎదురెదురుగ కూసోని
ఒకటే కుండల గొట్టాలు పెట్టి తాగుతున్నరు.
దేవుళ్లు కావచ్చన్నది మేడం.
షఫీకుల్ నన్ను మోచేత్తోని పొడిచిండు.
నాకైతే కల్లు మండువ యాదికొచ్చింది.

ఇయ్యాల కుండపెంకు.
ఎర్రమన్ను, మీద గొలుసోలె గట్టు.
మాది కుమ్మరింట్ల పుట్టుక. మెట్‌పల్లి అవుతల మా సారె
మూలకు పడి ఇరవై ఏండ్లు.
చెయ్యి మరువలే.
పెంకును బోర్లించి లోపటి దిక్కు చూసిన.
"మేడం, ఈయన ఎడమచేతి వాటపోడు."
ఎట్ల?
"బొటనవేలు ఇటు ఆనింది. నాదైతే అటు పడాలె.
గట్టు అతికేటప్పుడు తొందరపడ్డడు గూడ,
మబ్బు పట్టిందో, ఎవలన్న పిలిచిండ్రో."
ఎడమ సంగతి పుస్తకంల రాసుకున్నది.
మబ్బు రాయలే.

ఆమె అటు మర్లంగనే గ్లవ్వు తీసిన. తప్పే.
ఆ గుంటల నా వేలు పెట్టిన.
గీత గీత కండ్లకు కానస్తున్నది,
సుడి తిరిగి, నడుమ చిన్న మచ్చ.
ఉప్పు తినలే, ఇసుక తినలే.

పోయిన నెల కార్డు రెన్యువల్‌కు పోతే
మిషన్ నా వేలు పట్టలే.
తుడిచి పెట్టు. ఒత్తి పెట్టు. ఇంకోటి పెట్టు.
పదీ అయినయి.
గీతలన్ని సిమెంటు నాకింది.
కౌంటర్ల పిల్ల ఎవలికో ఫోన్ చేసింది,
ఉత్త సంతకం తీసుకొని పంపింది.

పెంకును సంచిల ఏసి నంబరు కట్టినం, రెండొందల పన్నెండు.
ఇక్కడికెళ్లి చూస్తే ఆ టవర్లు మెరుస్తయి.
అందుల ఒకదాంట్ల, పద్నాలుగో అంతస్తు,
పంపుల అర్ర ఎనుక గోడ.
కొత్తల వచ్చినప్పుడు, ఇంకా గీతలున్నప్పుడు,
పచ్చి ప్లాస్టరు మీద అరచెయ్యి ఒత్తిన.
సూపర్‌వైజర్ చూడకముందే పుట్టీ పూసిన.

ఏ చెయ్యో నాకు యాదికి లేదు.
తవ్వినోళ్లే చెప్పాలె.