ఐదు నిమిషాలు

అట్లాంటిక్ నడిమధ్య, ఫయాల్ దీవి ఆస్పత్రిలో
మా వార్డు కిటికీలన్నీ నీళ్లవైపే.
చివరి గదిలో బెల్మీరు
తెలవారకముందే లేచి కిటికీ పట్టుకుంటాడు.
కూర్చోమంటే కూర్చోడు.

నలభై ఏళ్లు కొండకొమ్మున రాతిగూట్లో నిలబడి
అరచేతి వెడల్పు సందులోంచి
తిమింగలాల ఊపిరి కోసం కాపుగాసిన కళ్లు.
నీటిమీద తెల్లటి ఆవిరి లేస్తే
తారాజువ్వ వెలిగించేవాడట.
ఊళ్లో మగవాళ్లు కొరికిన రొట్టె కొరికినట్టే వదిలి
పడవల దగ్గరికి ఉరికేవారట.
ఇదంతా నాకు చెప్పింది వంటగదిలో అల్సీరా.
కేసు షీట్లో ఉన్నవి రెండు మాటలు:
మాట్లాడడు. సహకరించడు.

నేను కొత్త. చదువుకున్నదంతా
ఏప్రాన్ జేబులో మడత నలగకుండా ఉంది.
ముందుకు వంగు. కళ్లలోకి చూడు.
అవును కాదుతో తెగిపోని ప్రశ్న వెయ్యి.
వేశాను.
రాత్రి ఎలా గడిచింది? మనసులో ఏముంది?
జవాబుగా వీపు.
పదకొండు రోజులు ఆ వీపుతోనే మాట్లాడాను,
ఎడమ భుజం కింద స్వెటర్ చిరుగు
నాకు కంఠతా వచ్చేసింది.

పన్నెండో రోజుకి ప్రశ్నలు అడుగంటాయి.
నిజానికి అడుగంటింది ఓపిక.
ఊరికే పక్కన నిలబడ్డాను
ఆయన చూస్తున్నవైపే చూస్తూ.
ఎదుటి దీవి కొండ మబ్బుని నెత్తికి చుట్టుకుంది.
ఒక చేపల పడవ వచ్చింది, పోయింది.
"ఎడమకి చూడకు" అన్నాడు.
"ఈ వేళప్పుడు అక్కడ ఎండ అబద్ధమాడుతుంది."

ఎగిరి గంతెయ్యాలనిపించింది.
"మందులిచ్చేసి ఐదు నిమిషాల్లో వస్తా" అని పరిగెత్తాను.
అవతలి గదిలో ఎవరో అద్దం బద్దలుకొట్టారు,
రక్తం, కట్లు, డాక్టరుకి ఫోను.
డ్యూటీ దిగి, ఇంటికెళ్లి, సూపు తాగి పడుకున్నాను.

మర్నాడు మళ్లీ వీపు.

పెద్ద నర్సు దెయొలిందా దుప్పట్లు మడుస్తూ అంది:
"ఆయన లెక్కపెట్టింది నిమిషాల్ని, ఇడాలీనా,
నీ కారణాల్ని కాదు.
మోయగలిగినంత మాటే ఇయ్యి."

"ఐదు నిమిషాలన్నాను. రాలేదు. తప్పు నాది."
వీపుతోనే చెప్పాను.
'ఎందుకంటే' అనే మాట
మాత్రలా గొంతుకడ్డం పడింది, నీళ్లు లేకుండా మింగాను.
అప్పట్నుంచి రోజూ పదీ పావు.
తీరిక లేనిరోజు కూడా పదీ పావుకే వెళ్లి
తీరిక లేదని చెప్పి వచ్చాను.

అలా మూడువారాలో, నాలుగో.
ఒకరోజు ఆయన అరచెయ్యి అద్దాన్ని చరిచింది.
"అదిగో! హెర్మీనియూని మోసుకొస్తోంది!
జువ్వ ఏదీ? జువ్వ ఎక్కడ పెట్టారు?"

ఔనంటే బొంకు.
కాదంటే ఆ కిటికీ దగ్గర ఆయన ఒక్కడే.
"తిమింగలం నాకు కనబడటం లేదు" అన్నాను.
"మీ చేతులు వణకడం కనబడుతోంది."

సముద్రం మీద మబ్బునీడ జరిగిపోయింది.
వార్డులో ఎవరిదో చెంచా కింద పడింది.
"ఆరోజు జువ్వ వెలిగించింది నేను.
అది చూసే నా తమ్ముడు పడవెక్కాడు."

మీ తప్పేం లేదు, అని నాలుక కొసదాకా వచ్చింది.
అది నా భయానికి మందు,
ఆయనకి కాదు.
ఏమీ అనలేదు.
గోడవార కుర్చీలు రెండు ఈడ్చుకొచ్చాను,
కీచుమంటూ, నేలమీద గీతలు పడేట్టు.
ఒకదాంట్లో నేను కూర్చున్నాను.
ఆయన రెండోదాన్ని చాలాసేపు చూశాడు,
పడవ ఎక్కేవాడిలా ఒక చేత్తో అంచు పట్టుకుని
కూర్చున్నాడు.

లేచేటప్పుడు అడిగాడు: "రేపు?"
"రేపు నాకు సెలవు. రాను.
ఎల్లుండి పదీ పావుకి."
తల ఊపాడు, కళ్లు నీళ్లమీదే ఉంచి.
"ఎల్లుండికి గాలి మళ్లుతుంది.
చాలాదూరం కనబడుతుంది."