పక్క తెర నుంచి

జకరయ్య మాస్టారి నాటకాలన్నీ
నేను గుసగుసగానే చదివాను.
ఇరవై రెండేళ్లు పక్క తెర వెనక
లాంతరు మోకాళ్ల మధ్య పెట్టుకొని
మరిచిపోయేవాళ్లకు మాట అందించడం నా పని.
రాసింది రాసినట్టు తెలిసింది
ఆయనకూ, నాకూ.

జనానికేం తెలుసు?
చెంచయ్య రాజు వేషంలో నోరు తెరిచాడంటే
పావుగంట రాగం.
మాట అందులో పడి
మన్నేటి వరదలో దూడలా
యాడో తేలేది.
ఈలలు, వన్స్ మోర్లు, మెడలో పది రూపాయల నోట్ల దండ.
మాస్టారు నా చెవి దగ్గర కొచ్చి
"మూడు రాత్రులు మేలుకున్నా రా ఆ క్రియాపదం కోసం.
మింగేశాడు."

కందుకూరులో పొగాకు కంపెనీ గుమాస్తా ఆయన.
గ్రేడు చీటీల వెనక రాసేవాడు.
కట్ట విప్పితే ముందు ఘాటు, తర్వాతే కవిత్వం.
మేం తుమ్మితే
పద్యం పండిందనేవాడు.

బాణీ ముందు కాలేషాది.
వాడు హార్మోనియం మీద రెండు సార్లు వాయిస్తాడు,
ఈయన బల్ల మీద వేళ్లతో కొలుస్తాడు.
"ఇక్కడొక మాత్ర తగ్గించు కాలేషా."
"తగ్గదు సార్. నువ్వే మాట మార్చు."
ఒక అరటిపండు చెరిసగం తిని
తెల్లారేదాకా పోట్లాట.

ఒక పాట సంగతి చెప్పాలి.
మొదట అది ఓడిపోయిన రాజు పాట.
సింగరాయకొండలో ఆ నాటకం
రెండో అంకంలో వానకు పోయింది,
వానతోపాటు కాంట్రాక్టరూ పోయాడు.
పాట విప్పి, దులిపి
పామూరులో సన్యాసికి తొడిగాం. వదులైంది.
కనిగిరిలో దొంగకు. బిగుతైంది.
అరిగిన జరీ కోటులా అది
ఆరు నాటకాల్లో ఆరు ఒళ్లు మారింది.
కరపత్రంలో
హార్మోనియం పేరు, లైటింగ్ పేరు, సోడాల కొట్టు పేరు.
రచన అన్న చోట ఒకసారి "పలువురు" అని వేశారు.
మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు.

ఎత్తుగడ ఇదీ:
"తలుపు వేయకు తమస్వినీ,
నేనింకా తోవలోనే ఉన్నా."
తమస్వినీ అంటే రాత్రి అని
చెంచయ్యకే తెలీదు.
ఎవరో ఆడమనిషనుకొని
పక్కకు చూసి పాడేవాడు.

ఒక ఫాల్గుణం పొద్దున
కూలి డబ్బుల సంచితో ఇద్దరం
గుడ్లూరు రోడ్డున బ్యారన్ల వైపు సైకిళ్ల మీద పోతున్నాం.
గ్రేడింగు పాకలో ఆడవాళ్లు
ఆకు విడదీస్తా పాడతా ఉండారు.
కాలేషా బాణీయే.
రాగం లేదు. ప్రతి మాటా గింజ విడిగా.

"తలుపు వేయకు తమ్ముడా,
నేనింకా తోవలోనే ఉండా."

అలవాటున నోరు తెరిచాను
సరైన మాట అందించబోయి.
మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు.
ఎవరు నేర్పారమ్మా అనడిగితే
దగ్గుకుంటా ఒక పెద్దామె, మాలకొండమ్మ,
"నేర్పేదేంది సామీ, మా అమ్మలనాటి పాట" అంది.
పాటకు అప్పటికి పదకొండేళ్లు.

నవ్వుతాడనుకున్నా. ఏడుస్తాడేమోననుకున్నా.
"చీటీ ఉందా" అన్నాడు.
సైకిలు సీటు మీద పెట్టి
తమస్వినిని కొట్టేశాడు.
ఆ మాటంటే ఆయనకెంత ఇష్టమో నాకు తెలుసు.
పెన్సిలు ములుకు విరిగింది.

మరుసటేడు కందుకూరులోనే కొత్త నాటకం.
రాజు లేడు. నడిచి నడిచి వచ్చిన ఒక అక్క,
లోపల గడియ మీద చెయ్యేసిన తమ్ముడు.
కిరీటం లేని నాటకమా అని
చెంచయ్య అలిగి రాలేదు.
అక్క వేషం కట్టిన కావలి సుగుణమ్మ
తలుపు ముందు నిలబడి
సగం పాడి, ఆగింది.
మరిచింది.
నేను లాంతరు ఎత్తాను, కాగితం మీద వేలు పెట్టాను.

అప్పటికే ముందు చాపల మీంచి
పాకల ఆడవాళ్లు అందించేశారు.
గుసగుసగా కాదు.

కాలేషా నల్ల మెట్టొకటి అంటుకుపోయి
ఊరికే మోగుతా ఉంది.
మాస్టారి కోసం చూశాను.
సోడాల కొట్టు దగ్గర, అటు తిరిగి,
తొడ మీద వేళ్లతో కొలుస్తున్నాడు.
ఒక మాత్ర తక్కువ.
అక్కడ వాళ్లు ఊపిరి తీసుకుంటున్నారు.